గడ్డ గట్టిది, కణం మెత్తనిది

రొమ్ములో గడ్డను మొదట పట్టుకునేది చాలాసార్లు యంత్రం కాదు, వేలు. స్నానం చేస్తున్నప్పుడో, పైట సర్దుకుంటున్నప్పుడో చేతికి ఏదో గట్టిగా తగులుతుంది. డాక్టరు కూడా ముందు వేళ్లతోనే నొక్కి చూస్తారు: కదులుతోందా, అతుక్కుపోయి ఉందా, రబ్బరులా ఉందా, రాయిలా ఉందా అని. అంటే కాన్సర్‌ని మనం ఎప్పటి నుంచో దాని గట్టిదనాన్ని బట్టే అనుమానిస్తున్నాం. కానీ 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగుల ఛాతీలో చేరిన నీటిలోంచి కణాలను తీసి ఒక్కొక్కదాన్నీ నొక్కి చూస్తే కథ తిరగబడింది. పాకిన కాన్సర్ కణాలు మామూలు కణాలకంటే 70 శాతానికి పైగా మెత్తగా ఉన్నాయి.

గడ్డ గట్టిది, కణం మెత్తనిది. రెండూ నిజమే. ఈ రెండు నిజాలనూ ఒకే లెక్కలో ఇమిడ్చే ప్రయత్నమే కాన్సర్ కణాల బలాబలాల మీద ఇవాళ జరుగుతున్న కంప్యూటర్ సిములేషన్ల సారాంశం.

ఈ విషయం మీద నన్ను కూర్చోబెట్టింది ప్రగతి నగర్‌లో మా పై ఫ్లాట్ తమ్ముడు. హైటెక్ సిటీలో కార్ల క్రాష్ సిములేషన్లు చేస్తాడు. కారును కంప్యూటర్‌లో లక్షల చిన్న ముక్కలుగా విడగొట్టి, గోడకు గుద్ది, ఏ ముక్క ఎంత నలుగుతుందో లెక్కగట్టడం అతని ఉద్యోగం. పోయిన ఏడాది వాళ్లమ్మగారికి రొమ్ము కాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో అయ్యాయి, ఇప్పుడు కోలుకుంటున్నారు. ఒకరోజు సాయంత్రం అంబీర్ చెరువు పక్కన నడుస్తుంటే అడిగాడు: "అన్నా, ఉక్కు ఎంత బలానికి ఎంత సాగుతుందో మాకు హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. అమ్మ గడ్డకు అలాంటి పుస్తకం ఎక్కడుంది? ఉంటే నేనే లెక్క వేసేవాణ్ణి కదా!"

అతనికి చెప్పాలని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. ఈ రంగంలో వెనకబడింది కంప్యూటర్ కాదు, కొలత.

వేలికి తగిలేది, సూదికి తగిలేది

ఒక్క కణాన్ని నొక్కడం ఎలా? 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ కనిపెట్టిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ ఆ పని చేస్తుంది. సన్నని పలక చివర సూది మొన ఉంటుంది. దాన్ని కణం మీద ఆనించి నొక్కితే పలక ఎంత వంగిందో చూసి కణం ఎంత ఎదురు తోసిందో తెలుసుకుంటారు. కాలిఫోర్నియా ప్రయోగం దీనితో జరిగిందే. జర్మనీలో యోఖెన్ గుక్, యోసెఫ్ కేస్‌ల బృందం ఇంకో దారి పట్టింది. రెండు లేజర్ కిరణాల మధ్య కణాన్ని పట్టుకుని కాంతితోనే సాగదీసింది. 2005లో వాళ్లు చూపించిందీ ఇదే: మామూలు రొమ్ము కణం కన్నా కాన్సర్ కణం, దానికన్నా పాకే గుణం ఎక్కువున్న కణం ఎక్కువ సాగాయి.

మరి గడ్డ ఎందుకు గట్టిపడుతుంది? కణాల మధ్య కొలాజెన్ వంటి పీచులతో ఒక అల్లిక ఉంటుంది. కాన్సర్ పెరిగేచోట ఆ పీచులు దట్టమవుతాయి, ఒకదానికొకటి ముడిపడతాయి, కణాలు వాటిని లాగి బిగిస్తాయి. వాలరీ వీవర్ బృందం 2005లో ఎలుకల్లో కొలిస్తే మామూలు రొమ్ము కణజాలం సుమారు 170 పాస్కల్స్, గడ్డ సుమారు 4,000 పాస్కల్స్ వచ్చింది. గడ్డపెరుగులా మెత్తగా ఉండాల్సింది ఇరవై రెట్లకు మించి బిగిసిందన్నమాట. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణాలను మెత్తటి జెల్‌లో పెంచితే మధ్యలో ఖాళీతో చక్కటి గుండ్రటి గూళ్లు కట్టాయి. గట్టి జెల్‌లో పెంచితే ఆ క్రమం చెడిపోయింది. జన్యువులు అవే, పక్క మాత్రమే మారింది.

2012లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు రోగుల బయాప్సీ ముక్కలను సూదిమొనతో చుక్క చుక్కగా నొక్కి మ్యాపులు గీశారు. ఆరోగ్యకరమైన ముక్క అంతటా ఒకే తీరుగా ఉంది. కాన్సర్ ముక్కలో మెత్తటి చోట్లూ గట్టి చోట్లూ పక్కపక్కనే ఉన్నాయి. వేలికి తగిలేది గట్టి అల్లిక. దాని మధ్య ఉన్నవి మెత్తటి కణాలు. కణం అల్లికను బిగిస్తుంది, బిగిసిన అల్లిక కణాన్ని మారుస్తుంది, మారిన కణం మళ్లీ అల్లికను లాగుతుంది. ఇలా గుండ్రంగా తిరిగే కారణాలను ఒక్కో ప్రయోగంతో విడదీయడం కష్టం. సిములేషన్ అవసరం అక్కడ పడింది.

క్లచ్చు, ఇంజను, ఇంధనం

సిములేషన్లన్నీ ఒకే రకం కావు. అన్నిటికంటే లోతుకు దిగేవి కణం లోపలి అస్థిపంజరాన్ని లెక్కిస్తాయి. ఆక్టిన్ తాళ్లు, వాటిని లాగే మయోసిన్ మోటార్లు, స్తంభాల్లాంటి మైక్రోట్యూబ్యూల్స్ ఆ అస్థిపంజరంలో భాగాలు. ఈ స్తంభాలు మన వైద్యానికి కొత్తవి కావు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ వాటిని కట్టనివ్వదు. పాక్లిటాక్సెల్ వాటిని విప్పనివ్వదు. రెండు మందులూ కణాన్ని విభజన మధ్యలో ఇరికించేస్తాయి. సైటోసిమ్, మెడ్యాన్ వంటి ప్రోగ్రాములు ఒక్కో తాడును వంగే కడ్డీగా, ఒక్కో మోటారును అతుక్కుంటూ విడిపోతూ ఉండే కొక్కెంగా తీసుకుని కదలికలను గణిస్తాయి. అంత వివరం ఉంటుంది కాబట్టే అవి చూపగలిగేది కొన్ని మైక్రాన్ల మేర, కొద్ది సమయం మాత్రమే.

కొంచెం పైకి వస్తే 2008లో క్లారెన్స్ చాన్, డేవిడ్ ఓడీ ప్రచురించిన 'మోటార్-క్లచ్' నమూనా ఉంది. బైకు నడిపేవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. మయోసిన్ ఇంజను ఆక్టిన్ తాడును వెనక్కి లాగుతూనే ఉంటుంది. కణం పొర మీది ఇంటెగ్రిన్లు క్లచ్ ప్లేట్లు. అవి కింది అల్లికను పట్టుకుంటే లాగిన బలం నేలకు చేరి కణం ముందుకు సాగుతుంది. నేల మరీ మెత్తనైతే క్లచ్చులు చాలాసేపు పట్టి, నెమ్మదిగా బరువెక్కి, ఒక్కసారిగా వదిలేస్తాయి. మరీ గట్టిదైతే బలం ఎంత త్వరగా పెరుగుతుందంటే, చాలినన్ని క్లచ్చులు పట్టేలోపే పట్టినవి జారిపోతాయి. మధ్యలో ఎక్కడో పట్టు బాగా కుదిరే గట్టిదనం ఉంటుంది. 2017లో ఓడీ బృందం మోటార్ల, క్లచ్చుల సంఖ్య మారిస్తే ఆ అనువైన గట్టిదనం కూడా జరుగుతుందని లెక్కతో చెప్పి, మెదడు కాన్సర్ కణాల్లో పరీక్షించి చూపింది. ఒకే నేల ఒక కణానికి బురద, ఇంకో కణానికి రాజమార్గం ఎందుకవుతుందో ఈ చిన్న లెక్క చెబుతుంది. దీనికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ చాలు.

ఆ ఇంజనుకు ఇంధనం ఏటీపీ. దాన్ని కనిపెట్టినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని గుర్తించాడు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ సోకిన పిల్లల్లో వ్యాధిని తాత్కాలికంగానైనా అణచగలిగాడు. 1948లో ఆయన రాసిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కాన్సర్ కెమిస్ట్రీలో అంత పెద్ద అడుగు వేసిన తెలుగువాడే కణం కండబలానికి మూలమైన అణువును కూడా పట్టుకున్నాడు. ఆ బలాన్ని లెక్కగట్టే ఈ తరంలోనూ మన ఊరి చదువు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో కణపొరల వంపుల మీద గణిత నమూనాలు కట్టే పద్మిని రంగమణి ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు.

ఇరుకు సందులో కేంద్రకం

కణం మెత్తనైతే దానికి లాభమేమిటి? పాకాలంటే పీచుల మధ్య సందుల్లోంచి దూరాలి. కణంలో మిగతాదంతా నీళ్ల బెలూనులా సాగినా, కేంద్రకం అంత తేలిగ్గా సాగదు. పీటర్ ఫ్రీడెల్ బృందం 2013లో ఒక హద్దు కొలిచింది. కేంద్రకం అడ్డుకోతలో సుమారు పదోవంతుకు తగ్గితే, అంటే కాన్సర్ కణాలకు దాదాపు 7 చదరపు మైక్రాన్లకంటే సందు చిన్నదైతే, అది ముందుకు కదలదు. పీచులను కరిగించే ఎంజైములు ఉంటే కణం సందును వెడల్పు చేసుకుంటుంది. 2016లో రెండు బృందాలు ఇంకో విషయం చూశాయి. ఇరుకులోంచి దూరేటప్పుడు కేంద్రకం పొర చిట్లుతుంది, డీఎన్ఏ దెబ్బతింటుంది. కణం దాన్ని అతికించుకుని బతుకుతుంది. ప్రయాణమే కొత్త మ్యుటేషన్లకు దారి కావచ్చునని అక్కడి నుంచి అనుమానం మొదలైంది.

కేంద్రకాన్ని సాగే బంతిగా తీసుకుని, ముక్కలుగా కోసి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో చెప్పే లెక్క అచ్చం మా తమ్ముడు చేసే క్రాష్ టెస్టు లెక్కే. దాని పేరు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి.

అనేక కణాలు కలిసి చొచ్చుకుపోయే తీరును చూడాలంటే 1992లో ఫ్రాన్స్వా గ్రానెర్, జేమ్స్ గ్లేజియర్ తెచ్చిన సెల్యులార్ పాట్స్ నమూనా పనికొస్తుంది. అయస్కాంతత్వం కోసం పుట్టిన గణితాన్ని వాళ్లు కణాలకు మళ్లించారు. తెర మీది చుక్కలు గుంపులుగా ఒక్కో కణమవుతాయి. పొరుగుతో అంటుకుంటే ఎంత, విడిపోతే ఎంత ఖర్చు అన్న లెక్కతో ఆ గుంపులు సరిహద్దులు మార్చుకుంటాయి. ఐఐటీ బాంబేలో షామిక్ సేన్, మందార్ ఇనాందార్ల బృందం 2016లో ఈ నమూనాతో అల్లిక సాంద్రత, పీచుల అమరిక, ఎంజైములు కలిసి చొరబాటును ఎలా మారుస్తాయో పరిశీలించింది. ఇది పుస్తకాల ముచ్చట కాదు. ఆ ఎంజైములను ఆపే మందులు 1990ల చివర్లో పెద్ద ఆశలతో ట్రయల్స్‌కు వెళ్లి విఫలమయ్యాయి. ఎంజైము దారి మూస్తే కణాలు ఆకారం మార్చుకుని ఉన్న సందుల్లోంచే జారిపోగలగడం అందుకు ఒక కారణంగా చెబుతారు. బలాల లెక్క లేకుండా రసాయనాన్ని మాత్రమే గురిపెడితే ఏమవుతుందో చెప్పే పాఠం అది.

గుంపు ఎప్పుడు కదులుతుంది

సాయంత్రం ఆరున్నరకు జేఎన్‌టీయూ దగ్గర నిలబడండి. బస్సులు, కార్లు బిగిసిపోయి ఉంటాయి. బైకులు మాత్రం ఆ సందుల్లోంచే వంకరలు తిరుగుతూ పోతాయి. కణాల గుంపులో కూడా ఇలాంటి జామ్ ఉంటుందని, అది రద్దీని బట్టి కాక కణాల ఆకారాన్ని బట్టి వీడిపోతుందని 2015లో లీసా మానింగ్, సహ పరిశోధకులు లెక్కతో చూపించారు. ఈ వర్టెక్స్ నమూనాలో కణజాలం గోడలు పంచుకున్న గదుల వరస. ఒక గది చుట్టుకొలతను దాని వైశాల్యపు వర్గమూలంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. తేనెపట్టు గదిలాంటి సమషడ్భుజికి అది 3.72, సమపంచభుజికి 3.81. ఆ 3.81 దగ్గరే గీత. అంతకు తక్కువైతే కణజాలం గట్టి పదార్థంలా నిలబడుతుంది, ఎక్కువైతే ద్రవంలా పారుతుంది. అదే ఏడాది ఉబ్బసం రోగుల శ్వాసనాళపు కణాల్లో ఆ అంకె కనిపించింది. 2021లో కేస్ బృందం రోగుల రొమ్ము, గర్భాశయముఖ గడ్డల్లో కణాలూ కేంద్రకాలూ సాగిన ఆకారంలో ఉన్నచోట కదలిక ఉందని చూపింది. మైక్రోస్కోపు కింద పాథాలజిస్టు చూసే ఆకారానికీ కదలికకూ మధ్య వంతెన వేసింది ఒక సిములేషన్.

ఒక ఆదివారం మా తమ్ముడి డైనింగ్ టేబుల్ మీద, ల్యాప్‌టాప్‌లో దీన్ని నడిపి చూశాం. అంకె 3.7 దగ్గర ఉన్నప్పుడు గదులన్నీ ఉన్నచోటే సన్నగా వణికాయి. 3.9కి జరిపాం. ఎర్ర రంగు వేసిన ఒక గది ఒక పొరుగును వదిలి, ఇంకో పొరుగును పట్టి, మెల్లగా తెర అంచుకు చేరింది. ఎప్పుడొచ్చారో, వాళ్లమ్మగారు మా వెనకే నిలబడి చూస్తున్నారు. "అదేనా నాయనా, నాలో ఉన్నది?" అన్నారు. అతను తల తిప్పకుండా, "బొమ్మేనమ్మా, నీది కాదు" అన్నాడు.

గడ్డ లోపలి ఒత్తిడి

ఇంకా పైకి వస్తే కణాలను విడివిడిగా చూడడం మానేసి గడ్డ మొత్తాన్ని నీరు నిండిన స్పాంజిలా తీసుకునే నమూనాలు ఉన్నాయి. సిములేషన్ ముందు చెప్పి, కొలత తర్వాత నిజమని తేల్చిన మంచి ఉదాహరణ ఇక్కడిదే. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన రాకేశ్ జైన్, లారెన్స్ బాక్స్‌టర్ 1989లో ఒక లెక్క వేశారు. గడ్డలోని రక్తనాళాలు కారుతుంటాయి, నీటిని బయటికి తోడేసే లింఫు నాళాలు సరిగా పనిచేయవు. అలాగైతే ద్రవపీడనం గడ్డ లోపలంతా ఎక్కువగా ఒకే స్థాయిలో ఉండి, అంచుకు రాగానే గబుక్కున పడిపోవాలి. మరుసటి ఏడాది సన్నని పైపెట్లతో కొలిస్తే అచ్చం అలాగే ఉంది. మందు గడ్డ మధ్యలోకి ఎందుకు చేరదో అర్థమైంది. పీడనంలో తేడా లేనిచోట ప్రవాహం ఉండదు.

ద్రవానికి తోడు కణాల నుంచి వచ్చే గట్టి ఒత్తిడి కూడా ఉంది. 1997లో జైన్ బృందమే కాన్సర్ కణాల ఉండలను అగరోజ్ జెల్‌లో బంధించి పెంచింది. 45 నుంచి 120 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి దగ్గర వాటి పెరుగుదల ఆగింది. మన బీపీలో పై అంకె 120 అని గుర్తుంచుకుంటే ఆ బలం తెలుస్తుంది. రక్తనాళాలను నొక్కి మూసేయగల బలం అది. ఆ నాళాలు తెరుచుకుంటాయేమోనని బీపీ మాత్ర లోసార్టాన్‌ని క్లోమ కాన్సర్ రోగుల్లో కీమోతో కలిపి ప్రయత్నించారు. 2019లో వచ్చిన చిన్న ట్రయల్ ఆశ కలిగించింది. కానీ అందులో పోల్చి చూసే రెండో గుంపు లేదు. దాన్ని వైద్యంగా చెప్పుకోవడం తొందరపాటే అవుతుంది. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర వేసుకోకూడదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

మొదటి హద్దు పరిమాణం. 2018లో వచ్చిన ఉచిత ప్రోగ్రామ్ ఫిజిసెల్ మామూలు డెస్క్‌టాప్ మీద ఐదు నుంచి పది లక్షల కణాలను నడపగలదు. ఘన సెంటీమీటరు గడ్డలో పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా కణాలుంటాయి. రెండోది కాలం. మోటారు అడుగు క్షణంలో వెయ్యో వంతుల్లో పడుతుంది, గడ్డ ఏళ్ల తరబడి పెరుగుతుంది. యంత్రాల వేగం పెరిగేకొద్దీ ఈ రెండు హద్దులూ జరుగుతాయి. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ వంటి యంత్రం ఇప్పటికే ఉంది.

అసలు హద్దు మూడోది. 2018లో అనేక ప్రయోగశాలలు కలిసి ఎంసీఎఫ్-7 అనే ఒకే రొమ్ము కాన్సర్ కణాల వంశాన్ని వేర్వేరు పద్ధతుల్లో కొలిచాయి. సాగే గుణానికి వచ్చిన అంకెల్లో తేడా 1,000 రెట్ల దాకా ఉంది. ఎవరూ తప్పు చేయలేదు. సన్నని మొనతో నొక్కితే ఒక జవాబు, పెద్ద గోళంతో నొక్కితే ఇంకొకటి. వేగంగా లాగితే ఒకటి, నిదానంగా లాగితే మరొకటి. ఉక్కుకు 200 గిగాపాస్కల్స్ అని ఏ హ్యాండ్‌బుక్ తెరిచినా ఉంటుంది. కణం మాత్రం అడిగిన తీరును బట్టి జవాబు మారుస్తుంది. అందుకే ఒకే బొమ్మను ఐదు వేర్వేరు నమూనాలు సరిగ్గానే గీయగలవు. బొమ్మ కుదిరినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. 1989 లెక్కలాగా ఇంకా కొలవని దాన్ని ముందే చెప్పి, తప్పని తేలే అవకాశమిచ్చే నమూనానే నమ్మాలి.

ఎంసీఎఫ్-7 కణాలు 1970లో అమెరికాలో ఒక స్త్రీ శరీరం నుంచి తీసినవి. ఆమె ఇచ్చిన కణాలు ప్రపంచానికి ఎంతో నేర్పాయి. అయినా ప్రగతి నగర్‌లో ఉన్న ఒక అమ్మ గడ్డకు ఆ అంకెలు ఎంతవరకు వర్తిస్తాయో ఎవరైనా ఆమె గడ్డనే కొలిస్తే తప్ప తెలియదు.

మన ఊళ్లో ఉన్నది, కలవనిది

మన నగరంలో ఈ పనికి కావలసిన చేతులన్నీ ఉన్నాయి. గోపన్‌పల్లిలోని టీఐఎఫ్ఆర్ హైదరాబాద్‌లో తమల్ దాస్ బృందం కణాల బలాల మీదే పనిచేస్తోంది. 2022లో వాళ్లు ప్రచురించిన పని అపురూపమైనది. చర్మంలాంటి పొరల్లో ఏదో ఒక కణం కాన్సర్ దారి పడితే ఆరోగ్యంగా ఉన్న పొరుగు కణాలు దాన్ని నొక్కి పొర బయటికి నెట్టేస్తాయి. కింది అల్లిక మెత్తగా ఉన్నంతకాలం ఈ కాపలా సాగుతుంది. అల్లిక గట్టిపడితే ఫిలమిన్ అనే ప్రోటీను, కాన్సర్ కణానికి ఆనుకున్న అంచు దగ్గర ఉండాల్సింది, కేంద్రకం చుట్టూ చేరిపోతుంది, కాపలా ఆగిపోతుంది. గడ్డ గట్టిదనం వ్యాధికి గుర్తు మాత్రమే కాదు, వ్యాధికి తలుపు తీసే చేయి కూడా అని హైదరాబాద్‌లోనే తేలింది.

హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్‌తో జీవశాస్త్రం చేసే కేంద్రం ఉంది. రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే, బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రుల్లో రోజూ బయాప్సీలు జరుగుతాయి. మందులు చేసే డాక్టర్ రెడ్డీస్ మన పక్కనే బాచుపల్లిలో ఉంది. మా తమ్ముడిలా ముక్కలు కోసి బలాలు లెక్కగట్టే ఇంజనీర్లు హైటెక్ సిటీ దారిలో రోజూ వేలమంది వెళ్తుంటారు. వీళ్లందరినీ కలపగల వస్తువు చాలా చిన్నది, ఆపరేషన్ బల్ల మీది కణజాలం ముక్క.

మామూలుగా ఆ ముక్క ఫార్మలిన్ సీసాలో పడుతుంది. పాథాలజీకి అది తప్పనిసరి. కానీ ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టేసి ముక్కను బిగిస్తుంది. కణం ఆకారం మిగులుతుంది, దాని మెత్తదనం పోతుంది. హ్యాండ్‌బుక్‌లో ఉండాల్సిన అంకె ఆ సీసాలోనే చెరిగిపోతుంది. రోగి అనుమతితో, నిర్ధారణకు అవసరమైనంత పక్కన పెట్టాక, మిగిలిన చిన్న ముక్కను సీసాలో వేయకముందే కొలవాలి. ఏ పద్ధతిలో, ఏ వేగంతో కొలిచారో ప్రతి అంకె పక్కనా రాయాలి. అలా వందల మందివి పోగైతే, సిములేషన్‌కు మన మనుషుల అంకెలు దొరుకుతాయి. అది ఒక్కరోజులో ఎవరి ప్రాణాన్నీ కాపాడదు. ఇవాళ్టికి కాపాడేవి గడ్డను త్వరగా గుర్తుపట్టిన వేలు, ఆలస్యం చేయకుండా వెళ్లిన ఆసుపత్రి. ఆ వేలిని ఏ కంప్యూటర్ కోసమూ ఆగనివ్వకండి.

మొన్న మళ్లీ చెరువు దగ్గర కలిశాడు. నేను చదివిందంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడకుండా నడిచి, "అమ్మ ముక్క ఆ సీసాలోనే పడింది కదన్నా" అన్నాడు. తర్వాత, "ఇంకొకళ్ల అమ్మది పడకముందు కొలిచేవాళ్లెవరైనా ఉంటే చెప్పు, శనివారాలు నేను ఖాళీయే" అన్నాడు.